కోటప్పకొండ రోడ్డులో నాలుగు సెంట్లు

మొన్న ఆర్టీసీ డిపో నుంచి ఇద్దరు వచ్చి బాబాయ్ పేర శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వెయ్యాలన్నారు. ఫోటో ఏదయ్యా అంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఇంట్లో పెళ్లినాటిది ఒకటి, ఐడీ కార్డు మీద అరిగిపోయింది ఒకటి తప్ప ఇంకేం లేవంట. "అక్కర్లేదు, నా దగ్గరుంది" అని కంప్యూటర్ తెరిచాను. హోమ్ లోన్ అప్లికేషన్‌కి అంటించడానికి నేనే తీసిన పాస్‌పోర్టు ఫోటో. "కదలమాకు బాబాయ్" అన్నానని ఆ రోజు ఊపిరి కూడా బిగబట్టి కూర్చున్నాడు. ఎదురుగా లారీ వస్తుంటే చూసినట్టు కెమెరా వంక చూస్తా ఉంటాడు అందులో.

"నవ్వుతా ఉన్నది లేదామ్మా?" అన్నాడు ఒకాయన.

"లోన్ ఫోటోలో ఎవరన్నా నవ్వుతారా అయ్యా?" అని కసిరాను. పాపం ఆయనేం చేశాడు. నా కోపం ఆయన మీద కాదు. ఎవరి మీదో తెలిస్తే బాగుండేది.

నాది నరసరావుపేటలో బ్యాంకుల ఎదురుగా జిరాక్సు కొట్టు. పేరుకి జిరాక్సు. అసలు పని ఇంటి లోన్లకి ఫైలు తయారుచేసి పెట్టడం. జీతం స్లిప్పుల దగ్గర్నుంచి స్థలం మీద అప్పుల్లేవని చెప్పే ఈసీ దాకా ఏ కాయితం ముందు ఉండాలో, ఏది ఎనక ఉండాలో, ఏ ఆఫీసరు దేన్ని చూసి మొహం చిట్లిస్తాడో నాకు కంఠతా వచ్చు. పదిహేనేళ్లుగా ఇదే బతుకు. ఈ ఊళ్లో కొత్తగా కట్టిన మేడల్లో ఎన్నిటికో కాయితాల పునాది నేనే వేశానని గొప్పలు కూడా చెప్పుకుంటా ఉంటాను. నోరు కొంచెం పెద్దదే నాది.

ఆ ఫోటోలో ఉన్నాయన ఆర్టీసీ డ్రైవరు. మాచర్ల నుంచి కారంపూడి మీదుగా నరసరావుపేట, మళ్లీ వెనక్కి. నన్ను తల్లీ అనేవాడు, నేను బాబాయ్ అనేదాన్ని. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చేవాడు. కుర్చీలో అందరిలా కూర్చునేవాడా, కూర్చోడు. ముందుకి జరిగి, వెనక్కి జరిగి, నడుం ఆనించి చూసుకుని, అప్పుడు కుదురుకునేవాడు. ఫోటోలు దిగేవాళ్ల కోసం గోడకి అద్దం పెట్టాను. కూర్చోగానే దాన్ని కాస్త తిప్పుకునేవాడు, వెనక రోడ్డు కనపడేట్టు. వెళ్లేటప్పుడు మళ్లీ సరిగ్గా పెట్టేవాడా అంటే అదీ లేదు. తర్వాత వచ్చిన ఆడపిల్లలు తల దువ్వుకుందామని అద్దంలోకి చూస్తే ఆటోలు కనపడేవి. నన్ను తిట్టేవాళ్లు.

సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేదు. దానికీ ఆయన గొప్ప చెప్పుకునేవాడు కాదు. రోడ్డు మీద గొడ్డు అడ్డం నిలబడితే హారన్ కొట్టడంట. "కొడితే బెదిరి యాడకి దూకుద్దో తెలవదు తల్లీ. కాసేపు ఆగితే అదే పోద్ది." గొడ్డుకే కాదు, అన్నిటికీ అదే మాట. కరెంటు పోయినా, బ్యాంకు సర్వర్ పనిచెయ్యకపోయినా, ఆఫీసరు లీవులో ఉన్నా "కాసేపు ఆగితే అదే పోద్ది." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. "ఆగితే నీ సర్వీసు పోద్ది బాబాయ్" అనేదాన్ని. నవ్వేవాడు.

ఆయన నా దగ్గరికి వచ్చేసరికి రిటైర్మెంటుకి రెండున్నరేళ్లు. అదే అసలు చిక్కు. జీతం వచ్చినన్నాళ్లే కిస్తీ కట్టే స్తోమత అని బ్యాంకు లెక్క. నెల గడిచేకొద్దీ వచ్చే లోను కరిగిపోతా ఉంటుంది. పిల్లల్లేరు, జాయింటుగా సంతకం పెట్టడానికి. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, పిన్ని, ఎనభై ఎప్పుడో దాటిన తల్లి. ఆమెకి చూపు పోయి ఏడేళ్లయింది.

"ఈ వయసులో ఇల్లెందుకు బాబాయ్, ఉన్న డబ్బులు దాచుకుని అద్దె ఇంట్లో హాయిగా ఉండరాదా?" అని మొదటి రోజే అడిగాను. అట్టా అడగడం నా బేరానికి నష్టం. అయినా అడిగాను.

ఆయన చెంపలు నిమురుకుంటా అద్దంలో రోడ్డు వంకే చూస్తా చెప్పాడు.

"మా నాయన మాచర్లలో పోయాడు తల్లీ. అప్పుడూ అద్దె ఇల్లే. ఆస్పత్రి నుంచి తీసుకొస్తే ఓనరు గేటు కాడ నిలబడ్డాడు. తాళం ఎయ్యలా, గట్టిగా మాట్లాళ్లా. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'మా అమ్మాయి పెళ్లి పెట్టుకున్నాం, నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు మూసెయ్యమంటారు, అర్థం చేసుకోండి' అన్నాడు. అర్థం చేసుకున్నా. రోడ్డు వారన టార్పాలిన్ పట్టా కట్టి ఆడే పెట్టాం. లారీలు పోతా ఉంటే ఆయన మొహాన దుమ్ము. మా అమ్మ కొంగుతో తుడవడం, మళ్లీ పడడం. అప్పుడామెకి కళ్లు కనపడేయి." అద్దంలోంచి నా వైపు తిరిగి, "మా అమ్మని అట్టా పెట్టను. ఆమె పోయేలోపు ఒక గుమ్మం కావాల నాకు. అంతే" అన్నాడు.

అద్దె ఇళ్లలో శవాన్ని రానివ్వరన్న సంగతి మన దగ్గర తెలియనిది ఎవరికి? నేనూ అద్దె ఇంట్లో ఉంటున్నదాన్నే. కానీ అంత తేటగా, లోన్ అప్లికేషన్ లో "లోను తీసుకొనుటకు కారణము" అని అడిగితే చెప్పినట్టుగా, ఎవరూ చెప్పలేదు నాకు. "సరే, ఆధార్ ఇటివ్వు" అన్నాను.

నాలుగు నెలలు పట్టింది కాయితాలన్నీ పోగయ్యేసరికి. వచ్చినప్పుడల్లా "మన బండి ఎందాకా వచ్చింది తల్లీ?" అనేవాడు. నేను "కారంపూడి దాటలేదు" అనేదాన్ని. జీతం కాయితాలు బాగున్నాయి. స్థలం రిజిస్టరు డాక్యుమెంటే, కోటప్పకొండ రోడ్డులో నాలుగు సెంట్లు, లాయరు కూడా ఏ మెలికా లేదన్నాడు. ప్లాను గీయించాను. తూర్పు గుమ్మం, ముందు చిన్న వరండా, ముసలామెకి పక్కనే గది. గీసిన ఆయన డాక్యుమెంటు కొలతలు పట్టుకుని, "ఇదేంటి మేడమ్, స్థలం చదరంగా లేదే, నైరుతి మూల తోకలాగా పొడుచుకొచ్చింది" అన్నాడు.

బాబాయ్‌ని పిలిచి అడిగాను. "ఆ తోకా? అది ఇచ్చేశాగా" అన్నాడు, అరటిపండు ఇచ్చినట్టు.

సంగతేందంటే, నైరుతి పెరిగిన స్థలం యజమానికి కీడని సిద్ధాంతి ఒకాయన చెప్పాడంట. పిన్నికి నిద్ర పట్టలేదు. ఆ పక్కనే ఇస్త్రీ బండి నడుపుకునే ఒకామె, ఒంటరిది, ఒక్క గది ఇంట్లో ఉంటుంది. స్నానానికి చాటు లేక చీరలు అడ్డం కట్టుకునేది. ఈయన పోయి "ఆ ముక్క నువ్వు కలుపుకో చెల్లెమ్మా, నా స్థలం చదరం అయిద్ది, నీకు బాత్రూం అయిద్ది" అన్నాడు. ఇద్దరు పెద్దమనుషుల్ని నిలబెట్టి, సరిహద్దు మీద కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి ఇచ్చేశాడు. ఆమె బాత్రూమూ కట్టుకుంది, గోడా పెట్టుకుంది. ఐదేళ్లయింది.

"కొబ్బరికాయతో రిజిస్ట్రేషన్ చేశావా బాబాయ్! సబ్ రిజిస్ట్రారుకి చిప్ప ఇచ్చావా మరి?" అన్నాను.

"మాట ఇచ్చినాక కాయితం ఎందుకు తల్లీ?" అన్నాడు. నిజంగానే అడిగాడు, వెటకారం కాదు.

ఎందుకో నేను చెప్పాను. బ్యాంకు తాకట్టు పెట్టుకునేది డాక్యుమెంటులో ఉన్న స్థలాన్ని. నేల మీద అంత లేదంటే బ్యాంకు పంపే ఇంజినీరు కొలిచి రిపోర్టులో తేడా రాస్తాడు. రాశాడంటే ఫైలు వెనక్కి. ఆమెకి రిజిస్టరు చేసి ఇచ్చి, మిగిలినదానికి మళ్లీ ప్లాను పెట్టుకోవాలి, అంటే ఇంకో ఆరు నెలలు. ఆరు నెలలంటే నీ లోనులో సగం గోడలు పోతాయి. అందుకని నేనే ఒక ఉపాయం చెప్పాను. ఇంజినీరు టేపు పట్టుకుని ఉండేది పావుగంట. ఆ గోడా, ఆ బాత్రూమూ నీవే అను. పనివాళ్ల కోసం కట్టించానను. లోను వచ్చాక తీరిగ్గా ఆమెకి రాసిద్దువుగాని.

ఇస్త్రీ ఆమెతో కూడా నేనే మాట్లాడాను. "అన్న ఇల్లు కడితే అంతకన్నానా? ఆయనదే అని చెప్పుకోమనండి, నాదేం పోయింది" అంది. ఇంకేం కావాలి? అందరూ ఒప్పుకున్నారు. ఒక్క మాట. అవును. అంతే ఆయన అనాల్సింది.

ఆయన నోటి మీద నాకు నమ్మకం లేక, ఇంజినీరు కొలవడానికొచ్చే రోజు కొట్టు మూసి మరీ స్థలం దగ్గరికి వెళ్లాను. పొద్దున పది గంటలు. అక్కణ్ణుంచి కోటప్పకొండ స్పష్టంగా కనపడుతుంది. బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. ఇంజినీరు మర్యాదస్తుడు, చెప్పులు పక్కన విడిచి మరీ కొలవడం మొదలుపెట్టాడు. తూర్పు అయింది, ఉత్తరం అయింది, పడమర కొలుచుకుంటా వచ్చి గోడ దగ్గర ఆగాడు. కాయితం చూసుకున్నాడు. గోడ చూశాడు.

"ఈ గోడ అవతల కూడా మీదేనా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ ఆమె బకెట్టుతో బాత్రూములోంచి బయటికొచ్చింది. మమ్మల్ని చూసి గతుక్కుమని, మళ్లీ లోపలికి పోబోయింది. తన బాత్రూములోనే దొంగలాగా దాక్కోబోయింది.

బాబాయ్ మెడలో రుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. నేను కళ్లతోనే బతిమాలాను.

"ఈడిదాకే నాదండీ. అవతల ఆమెది" అన్నాడు.

ఇంజినీరు రాసుకున్నాడు. ఆయన తప్పేముంది?

ఆటోలో వచ్చేటప్పుడు నేను తిట్టిన తిట్లు నాకిప్పటికీ గుర్తే. "నీకు ఇల్లొద్దు బాబాయ్, నీకు హరిశ్చంద్రుడని పేరు కావాలి. మీ అమ్మని రోడ్డు మీద పెడుదువుగాని పో!" అన్నాను. అనాల్సిన మాట కాదు. నోటి నుంచి వచ్చేసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. కొట్టు దగ్గర దిగాక, "ఆమె మొహం చూశావా తల్లీ? ఆమె ముందర నాదని ఎట్టా అంటా?" అన్నాడు. నేను షట్టరు లాగి లోపలికి పోయాను.

రెండు రోజులకి నా కోపానికి నాకే సిగ్గేసి, సరే, సక్రమంగానే చేద్దాం అనుకున్నాం. ఇస్త్రీ ఆమె పేర ఆ ముక్క రాసివ్వడానికి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లాం. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. వేలిముద్ర మెషిను మీద వేలు పెట్టింది. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్ర లైటు. పది వేళ్లూ అయినాయి. ఇరవై ఏళ్లు బొగ్గుల పెట్టె పట్టుకుని ఆమె వేళ్ల మీద గీతలన్నీ నున్నగా అరిగిపోయినాయి. సబ్బుతో కడిగొచ్చింది, కొబ్బరినూనె రాసింది, చీరకి రుద్దుకుంది. "నేను నేనేనండీ, ఇంకెవర్ని?" అని ఆ గుమాస్తా వంక చూసి అడిగింది. ఆయనా ఏం చేస్తాడు, మెషిను ఒప్పుకుంటేనే గదా. ముందు ఆధార్ సెంటరుకి పోయి వేలిముద్రలు మార్పించుకు రమ్మన్నాడు. అక్కడ తీసుకున్నారు, ఆ అప్లికేషను చెల్లదని తిరిగొచ్చింది. మళ్లీ పంపాం, మళ్లీ తిరిగొచ్చింది.

ఆమె ఏడ్చింది. "నా వల్లే అన్న ఇల్లు ఆగిపోయింది. గోడ పడగొట్టేస్తా, నాకు బాత్రూం వద్దు" అంది. గునపం కూడా తెచ్చుకుందంట. బాబాయ్ పోయి చేతిలోంచి లాక్కుని, గోడకి ఆనించి, "కాసేపు ఆగమ్మా, అదే పోద్ది" అని వచ్చాడు.

అది పోలేదు. నెలలు పోయినాయి. చివరికి వేలిముద్ర పడిన రోజున కొబ్బరికాయ నేను కొట్టాను. మార్చిన కొలతలు, మార్చిన ప్లాను, అన్నీ కొత్తగా కుట్టి ఫైలు పట్టుకుని బ్యాంకుకి నేనే పోయాను. ఆఫీసరు మంచమ్మాయి. కుర్చీ చూపించింది, నీళ్లిచ్చింది, కంప్యూటరు నా వైపు తిప్పి మరీ చూపించింది. మిగిలిన సర్వీసుకి వచ్చే లోను ఇంత అని. దాంతో స్లాబు దాకా కాదు గదా, కిటికీల మట్టం దాకా కూడా గోడ లేవదు. సగం కట్టి ఆగిపోయే ఇంటికి బ్యాంకు ఇవ్వదు. "సారీ మేడమ్, నా చేతుల్లో ఉంటే ఇచ్చేదాన్ని" అంది. నిజంగానే బాధపడింది.

ఈ వ్యవహారంలో ఒక్క దుర్మార్గుడు దొరికినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. వాడి ఇంటి ముందుకి పోయి నాలుగు దులిపి, చల్లబడి వచ్చేదాన్ని. అందరూ మంచోళ్లే. అందరూ కుర్చీ వేసేవాళ్లే.

ఫైలు వెనక్కిచ్చాక కూడా బాబాయ్ రావడం మానలేదు. పనేం లేదు. కూర్చుని, అద్దం తిప్పుకుని, పావుగంట రోడ్డు చూసి వెళ్లేవాడు. "అమ్మ ఎట్టా ఉంది?" అంటే, "గట్టిగానే ఉంది తల్లీ, దేవుడి దయ" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఉన్నది సంతోషమో, గండం ఇంకో రోజు వాయిదా పడిందన్న నెమ్మదో నాకు తెలిసేది కాదు.

తల్లి కంటే ముందు ఆయనే పోతాడని ఎవరం అనుకోలేదు. ఏ కాయితంలోనూ ఆ గడి లేదు.

తొలి ట్రిప్పు తీసుకొచ్చాడంట. బస్టాండులో ప్లాట్‌ఫారం మీద పెట్టాడు, జనం దిగారు, ఇంజిన్ ఆపాడు, స్టీరింగు మీద తల వాల్చాడు. "ఇంజిన్ ఆపినాకేనండీ" అని కండక్టరు కనపడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పుకుంటా తిరిగాడు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు. నేను వెళ్లేటప్పటికి అంబులెన్సు వాళ్ల అద్దె ఇంటి ముందర ఆగి ఉంది. ఓనరు గేటు దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. పదేళ్ల నుంచీ ఎరిగిన మనిషి, నిజం ఏడుపే. పైన కోడలు నిండు నెలలతో ఉందంట. ఆ మాట పూర్తిగా అనలేక చేతులు జోడించాడు.

పిన్ని అంబులెన్సు డ్రైవరు వైపు తిరిగి "కోటప్పకొండ రోడ్డుకి పోనీ అయ్యా" అంది.

ఆ నాలుగు సెంట్లలో డిపో వాళ్లు షామియానా వేశారు. ఇస్త్రీ ఆమె పరుగున వచ్చి కంప చెట్లు పీకి, నీళ్లు చల్లి, తన బల్ల తెచ్చి వేసింది. దాని మీదే పడుకోబెట్టాం. నేను ఫైళ్లు పట్టుకుని తిరిగిన మనిషిని, ఆ రోజు పట్టుకోడానికి ఏం లేక ఒట్టి చేతులతో నిలబడ్డాను. అంత చేతకానితనం నాకు జన్మలో ఎప్పుడూ లేదు.

ముసలామెని ఆటోలో తెచ్చారు. నేనూ ఇంకొకామే చెరో పక్కా పట్టుకుని దించాం. కొడుకు మొహం తడుముకుంది, మీసాలు తడుముకుంది, చాలాసేపు గుండెలు బాదుకుంది. ఎండ ఎక్కి షామియానా నీడ పక్కకి జరిగింది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"ఇది మన ఇల్లేనా అమ్మా?"

"మనదే నాయనమ్మా" అన్నాను.

"గోడలు లేచినయ్యన్నాడు. పండక్కి స్లాబు పడిద్దన్నాడు. రోజూ అన్నం పెట్టేటప్పుడు చెప్పేవాడు, ఇయ్యాల ఇంత లేచింది, ఇయ్యాల ఇంత లేచింది అని." ఊపిరి తీసుకుంది. "గుమ్మం ఎటు పెట్టాడు?"

ఇంజినీరు ముందర ఒక్క అబద్ధం ఆడలేని మనిషి! నాకు ఏడుపు ఆగలేదు. పిన్ని వంక చూశాను. పిన్ని తల దించుకుంది.

"తూర్పుకి, నాయనమ్మా."

"అయితే గుమ్మంలోకి జరపండి ఆణ్ణి. మొహాన ఎండ కొడతంది."

నలుగురు మగాళ్లు వచ్చి బల్ల ఎత్తారు. ఎత్తి, ఎటు పోవాలో తెలియక నా వంక చూశారు. ప్లాను నాకు కంఠతా వచ్చు. ఉత్త మట్టిలో గుమ్మం ఎక్కడుందో చెయ్యి చాపి చూపించాను.